గాయపడ్డ కోడిపిల్లకు ఇంట్లో వైద్యం: మందు రాసే ముందు చేయాల్సినవి

మీరు అడిగింది ఇది: ఆరు వారాల పిల్లను గూట్లో తోటి పిల్లలు పొడిచాయి. తోక మొదట్లో, వీపు మీద చర్మం ఊడిపోయి ఎర్రగా కండ కనిపిస్తోంది. రక్తం కారడం ఆగింది. పిల్ల మాత్రం ఈకలు ఉబ్బించుకుని, కళ్లు మూసుకుని ఒక మూల నిలబడింది. డాక్టర్ దగ్గరికి వెంటనే తీసుకెళ్లే వీలు లేదు. గాయానికి ఏ మందు రాయాలి?

మందు సంగతి చెబుతాను, కానీ అది మొదటి పని కాదు. ఏళ్ల తరబడి కోళ్లను పెంచుతూ ఇలాంటి గాయాలు చాలా చూశాను. తోలు ఊడిన గాయం చూడ్డానికి ఎంత ఘోరంగా ఉన్నా, ఒక్క ఆ గాయం వల్లే పిల్ల చనిపోవడం తక్కువ. నడినెత్తిన తోలు మొత్తం లేచిపోయిన పిల్లలు కూడా కోలుకుని మిగతా వాటితో సమానంగా తిరుగుతాయి. ప్రాణం మీదికి తెచ్చేవి గాయం తర్వాత జరిగేవి: షాక్, చలి, నీళ్లు తాగకపోవడం, తోటి కోళ్లు మళ్లీ పొడవడం, ఈగలు గుడ్లు పెట్టడం. వీటికి తోడు కంగారులో మనం చేసే అతి వైద్యం. అందుకే ముందు పిల్లను నిలబెట్టండి, గాయం పని తర్వాత.

ఇది చదువుతూ ఉండగానే పిల్లను వేరు చేయండి. కోళ్లకు ఎర్రరంగు, రక్తం కనిపిస్తే ముక్కు ఆగదు. ఒకటి మొదలుపెడితే మిగతావీ చేరతాయి, ఒక్కోసారి గంటల్లోనే పిల్లను చంపేస్తాయి. పొడిచిన పిల్లను పట్టుకుని బయట పెట్టి, గాయపడ్డదాన్ని గూట్లోనే ఉంచడం వల్ల ఉపయోగం ఉండదు. గాయం కనిపిస్తున్నంత కాలం మిగిలిన వాటిలో ఏదో ఒకటి పొడుస్తుంది.

ఒక అట్టపెట్టె తీసుకుని అడుగున పాత తువ్వాలు పరచండి. రంపపు పొట్టు, గడ్డి వద్దు, అవి పచ్చి గాయానికి అంటుకుంటాయి. పెట్టెలో గాలి ఆడాలి, వెలుతురు తక్కువగా ఉండాలి, చుట్టూ చప్పుడు ఉండకూడదు. మసక వెలుతురులో కోడి తొందరగా నెమ్మదిస్తుంది. తర్వాత వెచ్చదనం. కోడి ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూగా ఉంటుంది. ఆరు వారాల పిల్లకు ఈకలు ఇంకా నిండుగా ఉండకపోవచ్చు, దెబ్బ తగిలాక ఆ వేడిని నిలుపుకోలేక చల్లబడిపోతుంది. పెట్టెలో ఒక పక్క దాదాపు 30 డిగ్రీలు ఉండేలా చూడండి. వేడినీళ్ల సీసాను బట్టలో చుట్టి ఒక పక్కన పెట్టినా చాలు. బల్బు వాడితే అట్టకు, బట్టకు దూరంగా గట్టిగా కట్టండి, జారి పడితే నిప్పు అంటుకుంటుంది. వేడి ఒక పక్కనే ఉండాలి, రెండో పక్క చల్లగా ఉంచాలి. అప్పుడు తనకు కావలసిన చోటికి పిల్లే జరుగుతుంది. నోరు తెరిచి ఒగరుస్తూ, రెక్కలు ఒంటికి దూరంగా పెట్టిందంటే వేడి ఎక్కువైందని అర్థం.

అలా అరగంట నుంచి గంట దాకా వదిలేయండి. మాటిమాటికీ తెరిచి చూడకండి. పక్షులు బలహీనతను దాచుకుంటాయి, మనిషి చేయి తగిలినప్పుడల్లా దానికి టెన్షన్ పెరుగుతుంది. మీ పిల్ల కళ్లు మూసుకుని ఉబ్బి నిలబడిందన్నారు కదా, గాయం కన్నా నాకు ఎక్కువ భయం కలిగించిన మాట అది. ఒళ్లు వెచ్చబడి కళ్లు తెరిస్తే సగం గండం గడిచినట్టే.

వెచ్చబడ్డాకే నీళ్లు ఇవ్వండి. ఒళ్లు చల్లగా ఉన్న పిల్లకు నీళ్లు, మేత పెట్టినా లోపల అరగవు. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో తలకొట్టు చక్కెర ఆరు చిన్న చెంచాలు, ఉప్పు అర చిన్న చెంచా కలిపితే మనుషులకు విరేచనాలప్పుడు ఇచ్చే ద్రావణమే తయారవుతుంది. మొదటి రోజుకు అది చాలు, మరుసటి రోజు నుంచి మామూలు నీళ్లు పెట్టండి. తానుగా తాగకపోతే వేలితో ఒక్కో చుక్క ముక్కు పక్క అంచు మీద పెట్టండి, లోపలికి లాక్కుంటుంది. నోరు తెరిచి సిరంజితో పోయవద్దు. కోడికి గాలి పోయే రంధ్రం నాలుక మొదట్లోనే తెరుచుకుని ఉంటుంది. అందులోకి నీళ్లు పోతే ఊపిరితిత్తుల్లోకే వెళతాయి.

మీ పిల్లకు రక్తం ఆగింది కాబట్టి దాన్ని కదిలించకండి. ఇంకా కారుతుంటే మాత్రం వెచ్చదనం కన్నా ముందు అదే ఆపాలి. అరకిలో పిల్ల ఒంట్లో ఉండే రక్తం మొత్తం 35 నుంచి 40 మిల్లీలీటర్లు. రెండు మూడు చెంచాలు పోయినా దానికి ప్రమాదమే. శుభ్రమైన గుడ్డను గాయం మీద పెట్టి అయిదు నిమిషాలు అదిమి పట్టండి, మధ్యలో ఎత్తి చూడకండి. గోరు విరిగినా, ముక్కు కొన చితికినా కొంచెం మొక్కజొన్న పిండి (కార్న్‌ఫ్లోర్) అద్ది నొక్కితే ఆగుతుంది. తెరుచుకున్న పెద్ద గాయంలో మాత్రం ఏ పిండీ వేయకండి. ఈ వయసు పిల్లల్లో ఇంకోటి కూడా ఉంటుంది. కొత్తగా వస్తున్న ఈక తొడుగులో రక్తం ప్రవహిస్తుంటుంది, అది విరిగితే చిన్న గాయానికే చాలా రక్తం పోతున్నట్టు కనిపిస్తుంది. అక్కడ కూడా ముందు నొక్కి పట్టడమే, కంగారుపడి ఈకను పీకేయవద్దు.

ఇప్పుడు గాయం శుభ్రం చేయడం. మరొకరి సాయం తీసుకోండి. పిల్లను తువ్వాలులో వదులుగా చుట్టి, తల మీద పలుచటి గుడ్డ కప్పితే కదలకుండా ఉంటుంది. పట్టుకునేటప్పుడు ఛాతీని బిగించకండి. పక్షులకు మనలాగా ఉదర వితానం (ఛాతీకి, పొట్టకు మధ్య ఉండే కండర పొర) ఉండదు. రొమ్ము ఎముక ముందుకూ వెనక్కూ కదిలితేనే ఊపిరి ఆడుతుంది. గట్టిగా పట్టుకుంటే ముక్కు, నోరు తెరిచే ఉన్నా ఊపిరాడక చేతుల్లోనే చనిపోవచ్చు. పట్టుకున్నవాళ్ల చేయి రెక్కలను మాత్రమే ఆపాలి.

గాయం చుట్టూ రక్తంతో అతుక్కున్న ఈకలను గోరువెచ్చని నీళ్లతో నానబెట్టి, మొద్దు మొన ఉన్న కత్తెరతో కత్తిరించండి. పీకవద్దు, కోడి తోలు చాలా పలుచన, ఈకతో పాటు చీలి వస్తుంది. తొడుగులో ఉన్న కొత్త ఈకలను కత్తిరించకండి, పైన చెప్పినట్టు రక్తం కారుతుంది. తర్వాత ఉప్పునీళ్లు: అర లీటరు కాచిన నీళ్లకు తలకొట్టు చిన్న చెంచా ఉప్పు, గోరువెచ్చగా అయ్యాక వాడాలి. సూది లేని 20 మిల్లీలీటర్ల సిరంజితో గాయం మీద పదే పదే చిమ్మండి. మట్టి, గడ్డి, గడ్డకట్టిన రక్తం వాటంతట అవే జారిపోవాలి. దూదితో రుద్దితే పోగులు అంటుకుంటాయి, కొత్తగా వచ్చే కణజాలం దెబ్బతింటుంది. నీళ్లు చల్లగా ఉండకూడదు, గాయం లేని చోట ఒళ్లు తడవకూడదు. తడిసిన పిల్ల నిమిషాల్లో చల్లబడుతుంది.

మట్టి ఎక్కువగా పట్టి ఉంటే చివరిలో పోవిడోన్ అయోడిన్ (బీటాడిన్ లాంటి క్రిములను చంపే మందు) వాడండి. 10 శాతం ద్రావణాన్ని ఇరవై పాళ్లు నీళ్లతో కలిపి ఒకసారి చిమ్మితే చాలు. చిక్కగా పోస్తే పుండు మాన్పే కణాలు కూడా చచ్చిపోతాయి. హైడ్రోజన్ పెరాక్సైడ్, స్పిరిట్, నీళ్లు కలపని డెట్టాల్ ఇవేవీ వద్దు. నురుగు వస్తే మందు పనిచేస్తోందని చాలామంది అనుకుంటారు, ఆ నురుగు మంచి కణాలను కూడా కాల్చేస్తుంది.

మీ పిల్ల విషయంలో ఒక హెచ్చరిక. తోక మొదట్లో పైభాగాన చిన్న ఉబ్బు, దాని కొసన రెండు సన్నటి రంధ్రాలు కనిపిస్తాయి. అది నూనె గ్రంథి, కోడి ముక్కుతో అక్కడి నుంచే నూనె తీసి ఈకలకు పూసుకుంటుంది. దాన్ని గడ్డ అనుకుని నొక్కేవాళ్లు ఉన్నారు. తోక కింద, రెట్ట వేసే ద్వారం దగ్గర కూడా గాయం ఉందేమో చూడండి. అక్కడ పొడిస్తే పేగులు బయటికి రావచ్చు. అలా వస్తే ఇంటి వైద్యం పనికిరాదు, తడి గుడ్డ కప్పి ఎంత దూరమైనా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాల్సిందే.

ఇక మీరు అడిగిన మందు. పచ్చి గాయం ఎండిపోకుండా ఉంటే త్వరగా మానుతుంది, అందుకు పలుచటి పొర చాలు. నీటి ఆధారిత క్రీములు మేలు. పక్షుల డాక్టర్లు కాలిన గాయాల క్రీము సిల్వర్ సల్ఫాడయాజిన్‌ను తరచూ వాడతారు. గాయాల కోసమే శుద్ధి చేసి అమ్మే తేనె కూడా పనిచేస్తుంది. రోజుకు ఒకటి రెండుసార్లు, గాయం దాటి ఈకల మీదికి పాకకుండా రాయండి. జిడ్డు మందులు ఈకలకు అంటితే అవి వేడిని పట్టి ఉంచలేవు, ముక్కుతో సవరించుకుంటూ పిల్ల వాటిని మింగుతుంది కూడా.

క్రీము కొనేటప్పుడు వెనక రాసి ఉన్న పదార్థాలు చదవండి. బెంజోకేయిన్, లిగ్నోకేయిన్, లిడోకేయిన్ లాంటి 'కేయిన్'తో ముగిసే మందులు నొప్పి తెలియకుండా చేసేవి. చిన్న పక్షుల ఒంట్లోకి అవి ఎక్కువగా ఇంకితే ప్రాణాపాయం. బీటామెథాసోన్, క్లోబెటసాల్ లాంటి స్టిరాయిడ్ క్రీములు కూడా వద్దు. పక్షుల మీద స్టిరాయిడ్ ప్రభావం చాలా ఎక్కువ, రోగనిరోధక శక్తిని పడగొడుతుంది. గాయం ఎర్రగా కనిపించకుండా ఊదా రంగు ద్రావణం పూసే అలవాటు చాలామందికి ఉంది. ఆ జెన్షన్ వయొలెట్‌ను గుడ్లు, మాంసం కోసం పెంచే జంతువులకు వాడడానికి కొన్ని దేశాలు ఒప్పుకోవు. పిల్ల వేరుగానే ఉంటుంది కాబట్టి మీకు దాని అవసరమే లేదు. బూడిద, కిరోసిన్, ఇంట్లో ఉన్న పొడులు ఏవీ వేయకండి. పొడి గడ్డకట్టి పైన పెచ్చులా నిలుస్తుంది, కింద ఏం జరుగుతోందో కనిపించదు.

వీపు మీద కట్టు కట్టవద్దు. అది జారి కాళ్లకు చుట్టుకుంటుంది లేదా ఛాతీని బిగిస్తుంది. తోలు ఊడిన చోటును కుట్టించాలా అని కూడా చాలామంది అడుగుతారు. గంటల తరబడి తెరిచి ఉండి మురికి పట్టిన గాయాన్ని మూసేస్తే క్రిములు లోపలే చిక్కుకుంటాయి. ఇలాంటివి అడుగు నుంచి నిండుతూ, అంచుల నుంచి మూసుకుంటూ మానడమే మంచిది. జిగురుతో అతికించే ప్రయత్నం అసలే వద్దు.

రెండో రోజో మూడో రోజో గాయం చుట్టూ తోలు ఆకుపచ్చగా మారితే కుళ్లిపోయిందని హడలిపోకండి. కమిలిన చోట రక్తం విరిగినప్పుడు మన ఒంట్లో ఆకుపచ్చ పదార్థం మళ్లీ పసుపు రంగుకు మారుతుంది. ఆ మార్పు చేసే ఎంజైమ్ కోళ్లలో లేదు కాబట్టి వాటి దెబ్బలు ఆకుపచ్చగానే కనిపిస్తాయి, కొన్ని రోజుల్లో పోతాయి. చీము విషయంలోనూ కోడికి, మనకు తేడా ఉంది. కోడి గాయంలో చీము ధారగా కారదు. దాని తెల్ల రక్తకణాల్లో చీమును కరిగించే ఎంజైమ్ లేనందువల్ల అది జున్నుముక్కలా పసుపుగా గట్టిపడుతుంది. అందుకే 'చీము కారడం లేదు, ఇన్ఫెక్షన్ లేదు' అని నిశ్చింతగా ఉండకూడదు. తోలు కింద గట్టి పసుపు ముద్ద, దుర్వాసన, నల్లబడి చల్లగా తగిలే తోలు, చుట్టూ పెరిగే వాపు కనిపిస్తే డాక్టర్‌కు చూపించాలి. ఆ ముద్దను మందుతో కరిగించలేం, తెరిచి తీయాలి. పొడిగా, గట్టిగా, వాసన లేకుండా ఉన్న పక్కు మాత్రం మంచిదే. దాన్ని గిల్లకండి, కింద తోలు వచ్చాక అదే రాలుతుంది.

ఈగల విషయంలో అశ్రద్ధ చేయకండి. ఎండాకాలంలో పచ్చి గాయం మీద ఈగ గుడ్లు పెడితే ఒక రోజు లోపే పురుగులు పుడతాయి, తోలు కిందికి దూరి తింటాయి. పెట్టెను ఈగలు రాని గదిలో పెట్టి పైన సన్న వల కప్పండి, రెట్ట అంటిన తువ్వాలును రోజుకు రెండుసార్లు మార్చండి. తోక దగ్గర గాయం కాబట్టి రెట్ట అంటుకుంటూ ఉంటుంది, ఉప్పునీళ్లతో కడగండి. ఈకల మొదట్లో తెల్లటి సన్నని గుడ్లు కనిపిస్తే ఆ ఈకలను కత్తిరించేయండి. పురుగులు పడితే గోరువెచ్చని ఉప్పునీళ్లు చిమ్ముతూ చిమటాతో ఒక్కొక్కటే తీయాలి. లోతుగా ఉన్నవి నీళ్లకు పైకి వస్తాయి, కొన్ని గంటల తర్వాత మళ్లీ వెతకండి. ఫినాయిల్, టర్పెంటైన్ లాంటివి పోస్తే పురుగుతో పాటు పిల్ల కూడా పోతుంది.

పిల్లి, కుక్క కరిచిన పిల్ల కోసం ఇది చదువుతున్నవాళ్లుంటే వాళ్లకు వేరే మాట చెప్పాలి. తోలు ఊడిన పెద్ద గాయం కన్నా, పైకి చుక్కలా కనిపించే పంటి గాటు ఎక్కువ ప్రమాదం. పిల్లి నోట్లో పాశ్చురెల్లా అనే బ్యాక్టీరియా సాధారణంగా ఉంటుంది. అది పంటి గాటు ద్వారా లోతుకు పోయి రక్తంలో కలిస్తే ఒకటి రెండు రోజుల్లోనే పక్షి చనిపోవచ్చు. పైన ఏ క్రీము రాసినా అక్కడిదాకా వెళ్లదు. యాంటీబయాటిక్ కావాలి, దాన్ని బరువు చూసి డాక్టరే నిర్ణయించాలి. కనీసం ఫోన్లోనైనా మాట్లాడండి. రెక్క కింద, పక్కటెముకల దగ్గర గాటు పడితే లోపలి గాలి సంచులు చిల్లు పడి తోలు కింద గాలి చేరి ఉబ్బుతుంది, నొక్కితే చిటపటలాడుతుంది. మెడ కింద మేత నిలిచే సంచి చినిగితే తాగిన నీళ్లు, తిన్న గింజలు గాయంలోంచి బయటికి వస్తాయి. ఈ రెండూ ఇంట్లో చేసే పనులు కావు.

నొప్పికి మన మాత్రలు ముక్కలు చేసి ఇవ్వకండి. దక్షిణాసియాలో డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు ఇచ్చిన పశువుల కళేబరాలు తిని రాబందులు మూత్రపిండాలు చెడి అంతరించే దశకు చేరాయి. ఆ మందు కోళ్లకు కూడా మంచిది కాదు. పక్షులకు డాక్టర్లు సాధారణంగా మెలోక్సికామ్ ఇస్తారు, దాని మోతాదు వాళ్లే చెప్పాలి. యాంటీబయాటిక్ వాడితే ఆ కోడి గుడ్లు, మాంసం ఎన్ని రోజుల దాకా తినకూడదో కూడా అడిగి రాసుకోండి.

మేత విషయానికి వస్తే, ఎప్పుడూ తినే పిల్లల మేతే మంచిది. దాన్ని గోరువెచ్చని నీళ్లతో కొంచెం తడిపితే ఇష్టంగా తింటుంది. తోలు, ఈకలు మళ్లీ రావాలంటే ప్రోటీన్ కావాలి, ఉడికించిన గుడ్డు చిదిమి కొంచెం పెట్టండి. వంటింటి తూకంతో రోజూ ఒకే వేళకు బరువు చూడండి. ఈ వయసు పిల్ల రోజూ పెరగాలి. బరువు ఆగిపోయినా, తగ్గినా గాయం బాగా కనిపిస్తున్నా సరే లోపల ఏదో ఉందని అనుమానించండి. రెట్ట పలుచగా, ముదురు ఆకుపచ్చగా వస్తుంటే కడుపులో మేత లేదని అర్థం. పట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోండి, చూడ్డానికి ఆరోగ్యంగా ఉన్న కోడి రెట్టలో కూడా సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండవచ్చు.

అన్నీ సరిగ్గా చేసినా కొన్ని పిల్లలు కోలుకోవు. ఒక రోజు వెచ్చగా ఉంచినా తల ఎత్తకపోతే, కాళ్లు చల్లబడి లేవలేకపోతే, నోరు తెరిచి ఊపిరి కోసం పాకులాడుతుంటే, దాన్ని రోజుల తరబడి అలా ఉంచడం కనికరం కాదు. బాధ లేకుండా ముగించే మార్గం డాక్టర్‌ను అడగండి. మీ పిల్లకు ఆ స్థితి వస్తుందని మీరు చెప్పిన దాన్నిబట్టి నాకు అనిపించడం లేదు.

కోలుకుంటున్న పిల్లకు ఒంటరితనం కూడా బాధే. రెండు మూడు రోజులకు హుషారు రాగానే పెట్టెను గూడు పక్కకు జరిపి, మధ్యలో ముక్కు దూరని జాలీ ఉంచి, మిగతా వాటిని చూసేలా పెట్టండి. పూర్తిగా దూరంగా ఉంచితే గుంపు దాన్ని మరచిపోయి కొత్త కోడిగా చూసి మళ్లీ పొడుస్తుంది. ఎర్రదనం పోయి, పక్కు రాలి, కొత్త తోలు మూసుకున్నాకే కలపాలి. అందుకు మామూలుగా రెండు మూడు వారాలు పడుతుంది. ఈకలు తర్వాత వస్తాయి.

ఈలోగా గూడు సరిచేయండి, లేకపోతే ఇంకో పిల్లకు ఇదే జరుగుతుంది. పొడుచుకోవడానికి ఎక్కువసార్లు కారణం ఇరుకు, వేడి, రాత్రంతా వెలిగే తెల్లటి లైటు, అన్నీ ఒకేసారి తినడానికి చాలని మేత గిన్నెలు, ప్రోటీన్ లేదా ఉప్పు తక్కువైన మేత. రాత్రి టార్చ్ వేసి ఈకల మొదట్లో పేన్లు, గూటి చెక్కల సందుల్లో ఎర్ర నల్లులు ఉన్నాయేమో చూడండి. వాటి దురదకు ఈకలు పీక్కున్న చోటే పొడవడం మొదలవుతుంది. కలిపే రోజున రెండో మేత గిన్నె, రెండో నీళ్ల గిన్నె దూరంగా పెట్టండి, దాక్కోవడానికి ఒక అడ్డు ఉంచండి. మీరు పక్కనే ఉండగలిగిన పగటి పూట చూసి వదలండి. ఒకటి రెండు సార్లు బెదిరించి వదిలేస్తే పరవాలేదు. వెంటపడి అదే చోట పొడుస్తుంటే వెంటనే తీసి మళ్లీ జాలీ వెనక పెట్టి, ఇంకో వారం ఆగండి.